ముప్పై కౌంట్ మంత్రం

అత్తరు వాసనా రొయ్యమేత వాసనా కలిస్తే కడుపులో ఎలా తిప్పుతుందో నాకు బాగా తెలుసు. అల్లూరు దగ్గర కల్యాణమండపంలో మేత డీలరు మా రైతులందరికీ మీటింగు పెట్టినప్పుడు తెలిసింది. అత్తరు వేదిక మీది వక్తది, మేత వాసన మాది. ఆయన చెన్నై నుంచి వచ్చాడు. వేసుకున్న బూట్లు చూస్తే ఏ రొయ్యల గుంట గట్టూ తొక్కిన మొహంలా లేదు. అందరినీ గుండె మీద చెయ్యి పెట్టుకుని తమ లక్ష్యం గట్టిగా చెప్పమన్నాడు. మా ఆయన అందరికంటే ముందు లేచి "ముప్పై కౌంట్" అని అరిచాడు. అంటే కిలోకు ముప్పై మాత్రమే తూగేంత పెద్ద రొయ్యలు తీస్తానని. చప్పట్లు మోగాయి. వెనక వరసలో నేను తలవంచుకుని కూర్చున్నాను. సిగ్గుతో కాదు, రోతతో.

నాకు లక్ష్యం లేదని కాదు. అంతకు ముందు పంటంతా తెల్లమచ్చ రోగంతో పోయింది. ఈసారీ పోతే మేం కౌలుకు చేస్తున్న గుంట వేరేవాళ్లకు ఇచ్చేస్తానని దాని యజమాని ముందే చెప్పాడు. ఈ ఒక్క పంటనైనా ప్రాణాలతో బయటికి తీయాలి, గుంట మా చేతిలో ఉండాలి. నేను కోరుకున్నది అంతే. దానికి గుండె మీద చెయ్యి వేసుకోనక్కర్లేదు.

మా వైపు గుంట కట్ట మీద 'చచ్చింది' అనే మాట ఎవరూ నోటితో అనరు. అంటే అదే జరుగుతుందని భయం. ఆ భయానికి వక్తగారు కోటు తొడిగి పంపించాడు. అనుమానం నోటికి వస్తే గెలుపు వెనక్కి పోతుందట. అప్పట్నుంచి మా ఆయన పొద్దున్నే ఫోన్లో ఆయన వీడియోలు పెట్టుకుని, కట్ట మీద నిలబడి నీళ్లకేసి "ముప్పై కౌంట్, ముప్పై కౌంట్" అని జపం చేసేవాడు. పళ్లు కూడా తోముకోకుండా.

గుంటలో చెక్‌ట్రే అని ఒకటి ఉంటుంది. వలగుడ్డ బిగించిన పళ్లెం లాంటిది. అందులో కాస్త మేత వేసి నీళ్లలోకి దించి, కొంతసేపయ్యాక ఎత్తి చూస్తారు. ఖాళీగా ఉంటే రొయ్య తింటున్నట్టు. మిగిలితే మేత తగ్గించాలి. మాకు మిగులుతూనే ఉంది. మా ఆయన దాన్ని నీళ్లలోకే దులిపేసి, తింటాయిలే అనేవాడు. మేత తగ్గించడమంటే లక్ష్యం తగ్గించుకోవడమేనట! తగ్గించకపోగా ఇంకో బస్తా ఎక్కువ వేయించాడు.

ఒకరోజు తెల్లవారుతుండగా నేనే వెళ్లి ట్రే ఎత్తాను. మేత జిగట పట్టి, చీమిడిలా వేళ్లకంటుకుంది. గట్టు పక్కన రొయ్యలు గాలి అందక నీటి పైకి వచ్చి మూతులు ఆడిస్తున్నాయి. నీళ్లలోకి దిగి అడుగు బురద గుప్పెడు తీశాను. నల్లగా ఉంది. వాసన చూశాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అక్కడే కట్ట మీద వాంతి చేసుకున్నాను. ఆ చేత్తోనే మా ఆయన దగ్గరికి పోయాను.

"అడుగు కుళ్లిపోయుండాదయ్యా. మేత ఆపు. ఉన్నకాటికి వలేసి పట్టుబడి చేసేద్దాం" అన్నాను.

"అట్టాంటి మాటలు అనబాకమే. నువ్వు అనబట్టే ఇట్టా అవతాండాది" అన్నాడు.

నా చేతిలోంచి బురద కారుతోంది. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. ఫోన్లో అత్తరాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పట్టుదల నమ్మకంలోంచి పుడుతుందని ఆయన చెబుతున్నాడు. నాలో అది వాంతిలోంచి పుట్టింది. మేత షెడ్డుకు తాళం వేశాను. నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ తిప్పాను. రొయ్యలు కొనే ఆయనకు ఫోన్ చేసి, రేపు తెల్లారేసరికి వలలతో రమ్మన్నాను. మా ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఎంత హాయిగా ఉందో.

మర్నాడు పట్టుబడి అయింది. ముప్పై కాదు, అరవై కౌంట్. కొన్ని పోయాయి. మిగతావి వలలో ఎగిరెగిరి పడ్డాయి. లాభమూ లేదు, నష్టమూ లేదు. పంట బయటికి వచ్చింది.

తర్వాతి మీటింగులో మా ఆయనను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకు పట్టుకుని, చుట్టుపక్కల గుంటలు పోతావున్నా తన గుంట నిలిచిందంటే అది మనోబలమేనని చెప్పాడు. నేను తాళం వేసిన సంగతి గానీ బురద సంగతి గానీ ఎత్తలేదు. చప్పట్లు కొట్టిన చేతులతోనే అందరూ బిర్యానీ తినడానికి లేచారు.

ఇంటికి వచ్చేసరికి గుంట యజమాని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చే పంటకు కూడా గుంట మాకే ఇస్తానని చెప్పి, ఈసారి కౌంట్ ఎంత పెట్టుకుంటున్నావని మా ఆయనను అడిగాడు. మా ఆయన శాలువా సర్దుకుని, చెయ్యి గుండె మీదికి తీసుకుపోతున్నాడు.

"గుంట సంగతి నాతో మాట్లాడన్నా. ఈ పంట నుంచి కట్ట మీదికి పొయ్యేది నేనే. ఈయన రాడు" అన్నాను.

యజమాని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు.