సాక్ష్యం తర్వాత ఎగ్గొట్టిన రెండు సూదులు: జగ్గయ్యపేట నుంచి విజయవాడకు

ఈ ప్రయాణం నా పిచ్చి మొహమాటం వల్ల వచ్చిపడింది. నాకు పదిహేడేళ్లుగా సొరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, నడుము నిండా ఎర్రటి మచ్చలు, రాలే పొలుసులు. జగ్గయ్యపేటలో పాఠాలు చెప్పుకునే టీచర్ని, నడివేసవిలో కూడా పొడుగు చేతుల జాకెట్టే. రెండేళ్ల కిందట విజయవాడలో బయలాజిక్ ఇంజెక్షన్లు, అంటే చర్మం మీద తిరగబడే రోగనిరోధక శక్తిని అణిచే సూదులు, మొదలుపెట్టాక నాలుగు నెలల్లో ఒళ్లు నున్నబడింది. వీరులపాడులో ఉండే అమ్మ ఆ తర్వాత చాన్నాళ్లు చూసి, ఇక తగ్గినట్టేనని ఒక ఆదివారం తన చర్చిలో లేచి నిలబడి, ప్రభువు తన కూతుర్ని స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే. సూది మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. విజయవాడ బస్సులో ఆ చర్చివాళ్లు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. వాళ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియక, రెండు నెలలకొకసారి వేయించుకోవాల్సిన సూది వరసగా రెండుసార్లు ఎగ్గొట్టాను. ఈ ప్రయాణానికి నెల ముందు మోచేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ లేచింది, బయలుదేరేనాటికి అది అరచెయ్యంత అయింది. ఆపిన మందు మళ్ళీ పనిచేస్తుందా? ఆ ఒక్క ప్రశ్నతో శనివారం సెలవు పెట్టి బయలుదేరాను.

పొద్దున ఆరింటికి జగ్గయ్యపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. విజయవాడకి రెండు గంటలు పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ ఉచితం. నాకు సీట్లో కాలు నిలవలేదు. లేచి ముందు అద్దంలోంచి చూడటం, కూర్చోవడం, మళ్ళీ లేవడం.

"కూర్చోండి మేడమ్, నాలుగోసారి లేచారు. మీరు తోస్తే బస్సు తొందరగా పోద్దా?" అన్నాడు కండక్టర్. నవ్వొచ్చింది, అయినా రెండు నిమిషాలకే మళ్ళీ లేచాను.

ఆరు ముప్పావుకి నందిగామ. మామూలు చెకప్ అని ఫోన్‌లో చెబితే తోడొస్తానన్న అమ్మ, ఇడ్లీ పొట్లంతో అక్కడ ఎక్కింది. పొట్లం అందుకుంటుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది.

"ఏంటే అది? ఎప్పట్నుంచి?"

"నెలయింది. నాలుగు నెలల్నుంచీ సూది వేయించుకోలా."

"ఎందుకని?"

"తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పావుగా. నేను సూదికెళ్తే నీ మాట పోదూ?"

అమ్మ కంచికచర్ల దాటేదాకా నా మోచెయ్యి తడుముతూనే కూర్చుంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ కోపం అమ్మ మీదో నా మీదో తేల్చుకోలేకపోయాను. ఇడ్లీలు చల్లారిపోయాయి.

బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటోవాడు వంద అడిగి ఎనభైకి దిగాడు. తొమ్మిదికల్లా పేరు రాయించుకున్నా పిలుపు పదకొండుకి వచ్చింది. ఆ రెండు గంటలూ వరండాలో నడుస్తూనే ఉన్నాను. పాత రోజులు గుర్తొచ్చాయి. మొదట్లో దిండంతా తారు కంపు కొట్టే ఆయింట్‌మెంట్. తర్వాత వారానికి మూడుసార్లు లైటు చికిత్స, దానికి సెలవులన్నీ అయిపోయాయి. ఆ పైన వారానికోసారి మాత్రలు, వాంతులు, లివర్ పరీక్షలు. ఏదీ సగానికి మించి తగ్గించలేదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మొదట్లో వచ్చిన బయలాజిక్స్ కొన్ని వారానికి రెండుసార్లు కూడా వేసుకోవాల్సొచ్చేది. ఇప్పటివి రెండు మూడు నెలలకొకటి చాలు, చాలామందికి ఒళ్లు దాదాపు శుభ్రపడుతుంది. కానీ జబ్బు అణిగుంటుందే తప్ప పోదమ్మా."

"నాకు మళ్ళీ పనిచేస్తుందా మేడమ్?"

"ఎక్కువమందికి చేస్తుంది. మీకు చేస్తుందని ఇవాళే మాటివ్వలేను."

టీబీ లేదని చూసుకోవడానికి ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు మళ్ళీ చేయించారు. మూడింటికి సూది వేశారు. తిరుగు బస్సులో నందిగామ దగ్గర దిగబోతూ అమ్మ, "రేపు చర్చికి రా. పొట్టి చేతుల జాకెట్టు వేసుకో," అంది.

ఆదివారం అమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని నా చెయ్యి పైకెత్తింది. "ఆ రోజు నేను సగమే చెప్పా. ప్రభువు దీనికి మందు చూపించాడు. నా మాట పోతుందని అది మందు మానేసింది. మళ్ళీ ఇట్టా వచ్చింది," అంది. ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ప్రార్థన అయ్యాక ముందు బెంచీలో కూర్చునే పెద్దాయన మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"మీ అమ్మ సాక్ష్యం విన్న కాడ్నుంచీ నేను షుగరు బిళ్లలు మానేసానమ్మా," అన్నాడు. ఆయన ఎడమ పాదానికి కట్టు ఉంది.

ఇది జరిగి ఆరు వారాలైంది. నా పొలుసులు రాలడం ఆగింది, ఎరుపు మాత్రం ఇంకా ఉంది. రోజుకు పదిసార్లు మోచెయ్యి చూసుకుంటున్నాను. ఆయన మళ్ళీ బిళ్లలు వేసుకుంటున్నాడు, పుండు మాత్రం ఇంకా మానలేదు. నా మందు సంగతి నేను దాచుకుంటే ఎవరికేం నష్టమని అనుకున్నాను. ఆ గట్టి ఆమేన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ దారిన సూదికి వెళ్లేవాళ్లకి ఒక్కటే చెబుతాను: పొద్దున ఆరింటి బస్సే మేలు, ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేని నెలలో మాత్రం దాన్ని అస్సలు తప్పిపోనివ్వకండి.