పోయినవాళ్ల బల్ల మీద కొవ్వొత్తి

నవంబరు రాగానే మా బడి వరండాలో, చాపెల్ గుమ్మం పక్కన, ఒక బల్ల వేసి నల్లగుడ్డ పరుస్తారు. దాని మీద చెక్క సిలువ, ఒక ఇసుక పళ్లెం. ఇంట్లో ఎవరైనా పోయిన పిల్లలు ఇంటర్వెల్‌లో వచ్చి ఆ ఇసుకలో కొవ్వొత్తి గుచ్చి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడి వెళ్తారు. మా కథోలిక్కులకి ఆ నెలంతా పోయినవాళ్లది. బతికున్నవాళ్ల కోసం, జ్వరాల కోసం, పరీక్షల కోసం వెలిగించేవి మైదానానికి అవతల మరియమాత గుహలో పెడతారు. ఈ తేడా ఎవరూ బోర్డు మీద రాసిపెట్టలేదు. నేనూ ఆ బళ్లోనే చదివి అక్కడే లెక్కల టీచర్నయ్యాను కాబట్టి, ఇది తెలియని పిల్ల ఉంటుందన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

ఆ ఏడాది జాలరిపేట నుంచి ఒక అమ్మాయి వచ్చి తొమ్మిదో తరగతిలో చేరింది. వాళ్లు హిందువులు. తండ్రి ఒక మరబోటు మీద వలలు లాగే కలాసీ. తల్లి గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుంది. పిల్ల లెక్కల్లో చురుకే, నోరు మాత్రం విప్పేది కాదు. సాయంత్రం చదువుకోడానికి ఆగిన పిల్లలకి సిస్టర్లు ఉడికించిన శనగలు పెడితే, సగం తిని సగం తమ్ముడికని పొట్లం కట్టుకునేది. అది గమనించిన హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఏమీ అడక్కుండా ఇంకో గరిటె ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టారు.

ఆ నెలలోనే వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. వేటకెళ్లిన బోట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, రెండు తప్ప. ఆ రెంట్లో ఒకటి ఈ అమ్మాయి తండ్రి వెళ్లినది. వైర్‌లెస్‌లో పిలిస్తే పలకడం లేదట. బళ్లకి ఇంకా సెలవివ్వలేదు. ఇంటి దగ్గరుంటే ఏడుపులే వినాల్సొస్తుందని తల్లి పిల్లని బడికి పంపేసి, తను వానలోనే ఒడ్డున నిలబడిందట. ప్రార్థన మీద నాకు నమ్మకం లేకపోలేదు. కానీ ఆ పూట దేవుడి మీద పీకల్దాకా కోపంగా ఉంది. ఆ పిల్ల ముఖం చూస్తూ లెక్కలు చెప్పడం నా వల్ల కాలేదు.

ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయి బడి ఎదుటి కొట్లో ఉన్నవాటిలోకెల్లా పొడుగు కొవ్వొత్తి కొనుక్కొచ్చింది. తండ్రి వచ్చేదాకా వెలగాలనుకుంది కాబోలు. బయట వాన. వరండాలో బల్ల మీద వరసగా వెలుగుతున్న కొవ్వొత్తులు కనిపించాయి. దేవుడి దగ్గర దీపమే కదా అనుకుని, తనదీ ఆ ఇసుకలో గుచ్చి దణ్ణం పెట్టుకుంది. వాళ్ల వీధి పిల్లే ఒకతె అది చూసి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లినప్పుడు చెప్పేసింది.

తల్లి తడిసిన చీరతోనే వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్ల దగ్గర నిలబడి, ఇక్కడ ఎవరు పెట్టమన్నారని కూతుర్ని అడిగింది. అందరూ పెడుతుంటే అయ్య కోసమని పెట్టానని పిల్ల చెప్పింది. నల్లగుడ్డ సంగతి అప్పుడే ఎవరో చెవిలో వేసినట్టున్నారు, బల్ల వైపు చూడకుండా చెప్పింది. నా పక్కనున్న టీచరు, ముందు ఈవిణ్ణి లోపలికి తీసుకుపోదాం, పదిమందీ చేరితే మతం గొడవైపోతుందని గొణిగింది. నాకు ఒళ్లు మండింది. మనిషి సముద్రంలో ఉంటే ఈ టీచరు బెంగ ఈ టీచరుది.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గబగబా వచ్చి, చిన్నపిల్ల, తెలియక జరిగిపోయింది, తీసేస్తానంటూ కొవ్వొత్తి ఊదడానికి వంగారు. తల్లి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"ఊదకు సిస్టరమ్మా. బతికున్నోడి దీపం ఊదీస్తారేటి?"

సిస్టర్‌ది కేరళ. అర్థంకాక నా వైపు చూశారు. మా ఇంట్లో జ్ఞానస్నానాలు తాతల నాడే అయ్యాయి. అయినా దీపం ఆరిందని ఇప్పటికీ అనం, కొండెక్కిందనే అంటాం. అదే ఆవిడకి చెప్పాను. ఉంచితే అతను పోయినవాళ్లలో ఉన్నట్టు. ఊదితే మన నోటితో మనమే చంపుకున్నట్టు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. సిస్టర్ అది విని, వెలుగుతుండగానే మాత దగ్గరికి తీసుకెళ్దామన్నారు.

మామూలు రోజుల్లో ఆ మైదానం పిల్లలు ఒక్క పరుగులో దాటేస్తారు. వాన కాస్త తెరిపిచ్చింది గానీ సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. తల్లి కొవ్వొత్తిని ఇసుకలోంచి తీసి, దాని చుట్టూ పైట కప్పి, చెయ్యి అడ్డంపెట్టింది. వేడి మైనం వేళ్ల మీద కారుతున్నా చెయ్యి కదపలేదు. గాలి వచ్చే వైపు నేను గొడుగు అడ్డంపెట్టి నడిచాను. పిల్ల మా వెనక. దాని భుజం మీద చెయ్యి వేసి సిస్టర్.

సగం దూరం వెళ్లేసరికి గొడుగు తిరగబడింది. మంట నేలచూపుగా వంగింది, నీలంగా అయింది, పోయింది. సన్నగా పొగ లేచింది. నేను చూశాను. ఆవిడా చూసింది. నా నోట్లోంచి అయ్యో అన్న మాట వచ్చేసేదే. ఆవిడ ఆగలేదు. నా వైపు తిరగనూ లేదు. లేని మంట చుట్టూ చెయ్యి అలాగే ఒంచుకుని, అదే నడక నడిచింది.

గుహలో మాత పాదాల దగ్గర ఎర్రగాజు దీపం ఒకటి ఎప్పుడూ వెలుగుతుంటుంది. ఆవిడ కూతురికి వీపు పెట్టి మోకాళ్ల మీద కూచుంది. పైట గుడారంలా కప్పుకుని, ఆ దీపంలో వత్తి అంటించి, కొవ్వొత్తిని నిలబెట్టి పక్కకి జరిగింది.

"ఇటు సూడు. ఎలగతంది కదా. ఇంక క్లాసుకెల్లు."

పిల్ల దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయింది. తల్లి ఒడ్డుకి వెళ్లిపోయింది. ఎంత జాగ్రత్తగా తెచ్చిందో చూశారా అని సిస్టర్ అన్నారు. నేను ఊఁ కొట్టాను. ఆ తర్వాతి క్లాసులో ఆ అమ్మాయి మొదటిసారి చెయ్యెత్తి జవాబు చెప్పింది. నాకు భయమేసింది. రేపు శవం వస్తే ఈ పిల్ల ముఖం ఎలా చూడాలా అన్నదే భయం. బోర్డు వైపు తిరిగి, ఏం రాస్తున్నానో తెలియకుండానే రాశాను.

మర్నాడు కబురొచ్చింది. ఇంజను చెడిపోయి, బోటు కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున పడిందట. అందరూ బతికే ఉన్నారు. రెండో బోటు కూడా అక్కడే దొరికింది. తండ్రి ఇంటికి చేరాక ఆ పిల్ల క్లాసంతా తిరిగి ఒకటే చెప్పింది, మా అమ్మ అంత గాలిలోనూ దీపం ఆరనివ్వలేదని. నేను విని నవ్వాను.

కొన్నాళ్లకి ఆవిడ గంపతో బడి గేటు దగ్గరికొచ్చి నన్ను పిలిపించింది. గంప దించి, చుట్టూ చూసి మెల్లగా అంది:

"ఆ పొద్దు నువ్వు సూసినావు కదా టీచరమ్మా."

నేను గేటు గొళ్లెం సరిచేస్తూ నిలబడ్డాను.

"సూసినావు. నోరిప్పనేదు. అందుకే నీకు సెప్తన్నాను. అది కొండెక్కిన కాడి నుంచి నాను ముండనే. మా ఓడు పోనాడనుకునే నడిసినాను. ఎనక మా ఆడగుంట ఉంది కదా, ఏడిస్తే దానికి తెలిసిపోద్ది."

నాకు దుఃఖం ఆగలేదు. మీ ఆయన క్షేమంగా వచ్చాడు కదమ్మా, ఇంకా ఎందుకా మాట అన్నాను.

"వొచ్చినాడు. గుమ్మంలో నిలబడి పిలిత్తే పలకనేకపోనాను. ఇప్పుడికీ పడుకున్నాక ముక్కుకాడ సెయ్యెట్టి సూత్తన్నాను."

ఒక చెయ్యి వెయ్యమంది. ఇద్దరం కలిసి గంప ఆవిడ తలకెత్తాం.