లైను చివరి ఇల్లు

“కరెంటు లేదనకూడదండి. ఉంటది. బలమే ఉండదు,” అన్నాడు బుల్లియ్య, చెల్లెలింటి అరుగు మీద కూలబడి బూట్లు విప్పుకుంటూ.

బుల్లియ్య ఈ పేటకి లైన్‌మేన్. పేటలో అందరివీ చేపల వేటకి వెళ్ళే కుటుంబాలే. వాళ్ళలోంచి స్తంభాలెక్కే పనిలోకి వెళ్ళినవాడు ఆయనొక్కడే. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు స్తంభం ఎక్కాలంటే ముందు కాసేపు దాని వంక చూస్తూ నిలబడతాడు.

లోపల మంచం మీద ఆయన బావ త్రిమూర్తులు. ఊపిరితిత్తులు పాడైపోయి ముక్కుకి గొట్టంతో పడుకున్నాడు. పక్కన ఆక్సిజన్ మిషను. పగలంతా బాగానే నడుస్తుంది. పొద్దు వాలేసరికి బల్బు పచ్చబడుతుంది, ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపిస్తాయి, మిషను కూత పెట్టి ఆగిపోతుంది. అప్పుడు చెల్లెలు తలుపులమ్మ సిలిండరు విప్పుతుంది. అది అయిపోతే ఇంకోటి అమలాపురం నుంచి రావాలి.

పలకరించడానికి వచ్చిన నేను, ఎందుకిలా అవుతుందని అడిగాను. ఎందరికో చెప్పి అలిసిపోయిన సంగతే, నాకోసం మళ్ళీ మొదలుపెట్టాడు. లైను రొయ్యల చెరువుల గట్టు మీదుగా వచ్చి పేటలో ఈ ఇంటి దగ్గర ఆగిపోతుంది. చీకటి పడితే నీళ్ళలో గాలి తగ్గుతుంది కాబట్టి చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లన్నీ ఒక్కసారే తిరుగుతాయి. ఆపమనే హక్కు తనకి లేదన్నాడు. రొయ్యకైనా మనిషికైనా గాలే కదా.

మోటారు తిరగడానికి ఖర్చయ్యే కరెంటు కొంత, ఖర్చవకుండా లైన్లో అటూ ఇటూ ఊగేది కొంత ఉంటుందట. మోటారు పక్కన కెపాసిటర్ డబ్బా పెడితే ఆ ఊగేదాన్ని అదే సర్దుకుంటుంది, లైను మీద బరువు తగ్గుతుంది. బుల్లియ్య చెరువు చెరువుకీ తిరిగి, బతిమాలి డబ్బాలు పెట్టించాడు. కొన్నాళ్ళు ఈ ఇంట్లో బల్బు తెల్లగా వెలిగింది. ఇంతలో అశోక్ అనే రైతు చెరువుకి వైరస్ తగిలి రొయ్యలన్నీ పోయాయి. ఆ పంటలో కొత్తగా వచ్చింది డబ్బా ఒక్కటే. కలిసిరాలేదని పీకేశాడు. అతను పీకడం చూసి గట్టంతా పీకేసింది.

“వైరస్ సీడులో, ఆ రొయ్యపిల్లల్లోనే వచ్చిందని ఆడికీ తెలుసండి. తెలిసినా మళ్ళీ పెట్టడానికి చెయ్యి రాదు. నష్టపోయినోడితో ఏం వాదిస్తాం?”

మధ్యలో పైవాళ్ళు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజి ఒక మెట్టు పెంచారు. సాయంత్రాలు కాస్త నయమే, కానీ పొద్దున్న ఏరేటర్లు ఆగాక వోల్టేజి ఎగబాకి నాలుగిళ్ళలో టీవీలు మాడాయి. మళ్ళీ దించేశారు. జనం స్టెబిలైజర్లు కొన్నారు. ఒక్కో ఇంట్లో అవి ఇంకాస్త లాగేసుకుంటే చివరింటికి వచ్చేది మరీ తగ్గిపోయింది.

తలుపులమ్మ టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. “లైన్‌మేన్ చెల్లెలింట్లో దీపం చూడండి బాబూ. మా అన్నయ్య జీతమంతా ఈ సిలిండర్లకే,” అంది నాతో. లోపల్నుంచి త్రిమూర్తులు, మాటకీ మాటకీ ఆగుతూ, “ఆణ్ణేమీ అనకే. ఆడికీ లోవోల్టేజే,” అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది.

బల్బు పచ్చబడింది. గట్టు మీద ఏరేటర్ల చప్పుడు మొదలైంది. మిషను రెండుసార్లు కూసి ఆగిపోయింది. తలుపులమ్మ లోపలికి వెళ్ళి సిలిండరు తిప్పింది. మీటరు ముల్లు చూసి, ఇది రేపటిదాకా రావడం కష్టమని మెల్లగా చెప్పింది. అమలాపురం ఫోన్ చేయమని బుల్లియ్య అన్నాడు.

ఆదివారం మా చెల్లెలు వాళ్ళ వ్రతానికి అన్నవరం వెళ్తున్నానని వచ్చినప్పుడే చెప్పాను. నేను లేచేసరికి ఆ మాట గుర్తొచ్చినట్టుంది. సైకిలుకి తగిలించిన సంచిలోంచి కొత్త కెపాసిటర్ తీసి నా చేతిలో పెట్టాడు. చిన్నదే, బరువుగా ఉంది.

“సోమవారం అశోక్ కొత్త సీడు వదులుతున్నాడండి. మోటార్లకి పసుపు రాసి నిమ్మకాయలు కడతాడు. దీన్ని కొండ మీదకి తీసుకెళ్ళి, వ్రతం పీట పక్కన పెట్టి, కాస్త కుంకుమ అద్దించండి. వచ్చేటప్పుడు మీ చేత్తోనే అశోక్‌కి ఇవ్వండి. నేనిస్తే మళ్ళీ ఆ పాత డబ్బాయే గుర్తొస్తాది ఆడికి. ఆడు పెడితే గట్టంతా పెడతాది. ప్రసాదం మాత్రం మర్చిపోకండేం. ముందు అది చేతిలో పెట్టండి. తిన్నాక డబ్బా తియ్యండి.”