జీపు దగ్గు తగ్గింది, కొంగలకి భయం పోయింది

నాన్నగారి కాలం నాటి పెట్రోలు ఫోర్‌వీల్ జీపుకి కార్బురేటర్ తీయించి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాను. తాడేపల్లిగూడెంలో మెకానిక్ చుట్టూ రెండు నెలలు తిరిగితే ఇవాళ పొద్దున్న బండి చేతికొచ్చింది. చోక్ లాగక్కర్లేదు, ఎవరూ తొయ్యక్కర్లేదు, తాళం తిప్పగానే స్టార్టయిపోతోంది. ఆ గర్వంతో తిన్నగా కొల్లేరు పక్కనున్న మా చేపల చెరువుకి తీసుకెళ్ళాను.

గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపాను. నీళ్ళలో దిగిన కొంగలూ, నీటికాకులూ ఒక్కటీ కదల్లేదు. ఒక కొంగైతే నావైపు చూస్తూనే చేపపిల్లని మింగింది.

చెరువు కాపలా చూసే సుబ్బన్న బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

"ఏవండీ అబ్బాయిగారూ, బండినేం చేశారండీ?"

"బాగుచేయించాను బాబాయ్. ఇంక సైలెన్సర్ ఢాం ఢాం అని పేలదు."

"అయ్యబాబోయ్! ఆ ఢాం ఢాంకే కదండీ పిట్టలు లేచిపోయేవి! ఇన్నేళ్ళూ మనకి చేప దక్కిందంటే దాని చలవేనండీ. పాత సామాను ఉంచారా, పారేశారాండీ?"

ఉంచాను. కానీ మళ్ళీ అదే బిగించమని ఆ మెకానిక్‌ని ఏ మొహం పెట్టుకుని అడగను? అందుకని జీపుని చెట్టుకింద పెట్టేసి, సాయంత్రం దాకా గట్టు మీద పరిగెడుతూ, రేకుడబ్బా వాయిస్తూ, "హోయ్ హోయ్" అని నేనే అరిచాను.

పిట్టల్ని తోలే ఉపాయం తెలిసినవాళ్ళు కింద రాయండి, ఫోన్లు మాత్రం చేయకండి. జీపు గొంతు బాగుపడింది గానీ, నాది పోయింది.