బట్టీ సార్ నీళ్ల లెక్క

ఆ రోజుల్లో మా నాంపల్లిలో ‘మోడల్’ అంటే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో అద్దాల పెట్టెలో పెట్టే ఆనకట్ట బొమ్మే. డిగ్రీ పాసై కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లను, నాకూ అంతకు మించి తెలియదు. స్టేషన్ దగ్గర ఒక మేడ మీద మా ఆఫీసు. ఫ్యాక్టరీల్లో పాత బట్టీలు బాగు చేయిస్తే రాష్ట్రానికి బొగ్గు ఎంత మిగులుతుందో లెక్కగట్టడం మా పని. పొద్దస్తమానం ఆ బట్టీల మాటే మాట్లాడతారని మా పెద్దాయనను ‘బట్టీ సార్’ అనేవాళ్లం (పాఠాలు బట్టీ పట్టే రకమని కాదు). బొగ్గు, ధర, ఉత్పత్తి ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో ఆయన ఏళ్ల తరబడి కూర్చుని సమీకరణాలు రాశారు. ఆ కాగితాల కట్టే ఆయన మోడల్.

చూడవచ్చిన పై అధికారి మొహం మాడ్చుకున్నారు. “మోడల్ అంటిరి, గీడ కాగితాలే ఉన్నయి గద. మళ్ల వారం వస్త. కండ్లకు కనవడాలె, లేకుంటే గీ పని బంద్ చేద్దాం” అని వెళ్లిపోయారు. సార్ చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. ఆయన నేరుగా ఆబిడ్స్‌కు పోయి రబ్బరు గొట్టాలు, బిస్కెట్ల గాజు సీసాలు కొనుక్కొచ్చారు. పైన పెద్ద సీసా రాష్ట్రంలోని బొగ్గు. దాని నుంచి కింద సిమెంటు, కాగితం, బట్టల మిల్లుల సీసాలకు ఒక్కో గొట్టం, ఒక్కో నల్లా. నీళ్లలో జిలేబీ రంగు కలిపారు. పై సీసాలోకి చెంబుతో ఆగకుండా పోసే పని నాది. ఉద్యోగంలో చేరిన ఏడాదిలోపే నేను బొగ్గు గనినయ్యాను.

అధికారి వచ్చారు. సార్ సిమెంటు నల్లా సగం కట్టేశారు, బట్టీ బాగుపడిందన్నమాట. పై సీసాలో నీళ్లు జరజరా పెరగాలని నా ఆశ. అవి కొంచెం లేచి ఆగిపోయాయి. “సార్, యాడనో కారుతున్నది” అని చెంబు వదిలేసి, గుడ్డ తీసుకుని సీసాల కిందంతా తడిమాను. చుక్క తడి లేదు.

“లీక్ లేదు బిడ్డా, గదే జవాబు. నువ్వు నీళ్లు పొయ్యి, గని ఆగొద్దు” అన్నారు సార్ నిమ్మళంగా. కాగితం, బట్టల సీసాలు ముందుకంటే వేగంగా నిండుతున్నాయి. సార్ అధికారికి వాటిని చూపించి, “సిమెంటోళ్లు మిగిలిస్తే బొగ్గు ధర పడి అగ్గువైతది. అగ్గువైతే పక్కోళ్లు ఎక్కువ కాలుస్తరు. బట్టీలు బాగు చేసినంత మాత్రాన అంతా మిగలది” అన్నారు. బొగ్గు మిగులుతుందని చూపించడానికే పుట్టిన ఆఫీసు మాది. అది నిలుస్తుందా మూతపడుతుందా తేలే రోజున ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది (చేతిలో చెంబుంది).

“మరి నీళ్లు పైన నిలవాల్నంటే?” అన్నారు అధికారి.

“గది నా చేతుల లేదు సార్. ఆ రెండు నల్లాలు సర్కారువి. పన్నో కోటానో పెట్టి బిగించాలె.”

అధికారి చొక్కా చేతులు మడిచి, తనే వంగి ఆ రెండు నల్లాలూ కొంచెం కొంచెం బిగించారు. నీళ్లు మెల్లగా లేచాయి. చాలాసేపు చూసి, “ఔ” అన్నారు. గడప దాటుతూ, “పని నడవనియ్యున్రి” అన్నారు.

ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో సార్ మా అందరికీ ఐస్‌క్రీం ఇప్పించారు. పెద్దయ్యాక నేనూ అట్లాగే, ఎవరికీ నచ్చని జవాబును గొంతు పెంచకుండా చెబుతానని అక్కడే గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు ఆనాటి సార్ వయసు దాటాను. నచ్చని లెక్క తేలినప్పుడల్లా ఇంకా గొంతు వణుకుతూనే ఉంటుంది. రంగు చేతులతో ఐస్‌క్రీం తింటూ అదెంత సులువనుకుందో ఆ పిల్ల.