గదిలోవి, వాము మీదివి

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే తేల్చేశాడు. పాలవాడి ఎదుటే చుక్క పాలు గోటి మీద వేసి చూస్తాను. కూరగాయలామె తక్కెడ పైకెత్తగానే దాని కింద చెయ్యి పెట్టి తడుముతాను. మాది కోదాడ, బస్సులు ఆగే ఊరు. రకరకాల మోసాలు చూస్తూ పెరిగినదాన్ని. అందుకే తొంభైల్లో ఒకరోజు ఆయన హైదరాబాదులో శిక్షణ అయిపోయిందంటూ సంచినిండా సీసాలతో దిగి, "ఇంట్లనే పుట్టగొడుగులు పెంచుదాం" అన్నప్పుడు నేను సీసాల వైపు చూడలేదు. ఆయన ముఖంలోకి చూశాను, ఎవరు మాయ చేసి అంటగట్టారో తెలుస్తుందేమోనని.

అప్పటికి మేము మిర్యాలగూడ వదిలేసి వచ్చాం. ఆయన గుమాస్తాగా చేసే రైసు మిల్లు మూతపడితే, గరిడేపల్లి దగ్గరి పల్లెలో ఉండే మా అత్తమ్మ దగ్గరికి చేరాం. ఆయనకు నాగలి పట్టడం రాదు, కూలికి పోవడానికి మనసొప్పదు. ఈ పని కుదరకపోతే మళ్ళీ మిర్యాలగూడ పోయి మిల్లుల గేట్ల దగ్గర పని కోసం నిలబడాల్సిందే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

సీసాల్లో జొన్నగింజలున్నాయి, గింజ గింజకూ తెల్లగా బూజు. అదే విత్తనమట. అత్తమ్మ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"బూజు వట్టిన జొన్నలు పట్నం నుంచి మోసుకొచ్చినవా కొడకా? మనింట్ల లేవా?"

వరిగడ్డిని ముక్కలు చేసి, నానబెట్టి, డ్రమ్ములో ఉడికించి, ఆరబోసి, పాలిథిన్ సంచుల్లో ఒక వరుస గడ్డి, ఒక వరుస గింజలు వేసి మూతి కట్టాలి. వెనక గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి. కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ లోపలికి పోకూడదు. చీకటి గది, మూసిన తలుపు, ఉడికిన గడ్డి వాసన. చుట్టుపక్కలవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? సారా కాస్తున్నారని కొందరు, నిధుల కోసం పూజలు చేస్తున్నారని కొందరు అన్నారు. పక్కింటామె చక్కెర చేబదులు అడిగే నెపంతో వచ్చి తలుపు సందులోంచి తొంగిచూసేది. ఆమెను కసిరి పంపి నేనూ తొంగిచూసేదాన్ని, ఈయన లోపల నిజంగా ఏం చేస్తున్నాడోనని.

కొన్నాళ్ళకు సంచుల పక్కల్లోంచి ఆల్చిప్పల్లాంటి తెల్లటి రేకులు గుత్తులు గుత్తులుగా బయటికొచ్చాయి. ఎంతో అందంగా ఉన్నాయి. అంత అందంగా ఉన్నందుకే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అత్తమ్మ అభ్యంతరం వేరు. తొలకరి వానలకు పుట్టల మీద మొలిచినవి ఏరుకొచ్చి ఎన్నోసార్లు వండిన మనిషి ఆమె. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ తల్లుల దగ్గర్నుంచి వచ్చిన కట్టుబాటు ఒకటుంది. పుట్ట మీదివి తినాలి, పెంటకుప్ప మీదివీ గడ్డివాము మీదివీ ముట్టకూడదు.

"గడ్డి మీద మొలిస్తే గవి కుక్కగొడుగులు. తింటే పానం వోతది," అని తలుపు బయటే నిలబడి చెప్పేసింది.

సూర్యాపేటలో పెద్దరోడ్డు పక్కనున్న హోటళ్ళవాళ్ళు కొనడం మొదలుపెట్టారు గానీ వాళ్ళ మాటకు నిలకడ లేదు. ఊళ్ళోనూ నేరేడుచర్లలోనూ జనం తింటేనే మా పని నిలుస్తుంది. అందుకని మా ఆయన టీకొట్టు దగ్గరా, ఆటోల దగ్గరా, నాట్లకు పోయే ఆడవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు. గడ్డిని ఎలా ఉడికిస్తాడో, విత్తనం ఎలా వేస్తాడో, తను పెంచే రకానికీ బయట మొలిచేవాటికీ తేడా ఏమిటో మొదట్లో అంతా వివరించేవాడు. వినే ఓపిక ఎవరికుంటుంది? చెప్పగా చెప్పగా మాట చిన్నదైపోయింది. చివరికి "గడ్డి మీద మొలిస్తే విషమన్నది ఉత్త ముచ్చట. గడ్డి మీదియే మంచియి" అన్నంత మటుకే మిగిలింది. అది అప్పుడు నాకూ పట్టలేదు. నేను వేరే అనుమానంలో ఉన్నాను, హోటల్‌వాళ్ళు తూకంలో కొడుతున్నారని.

అత్తమ్మ ఏడాదిపాటు ముట్టలేదు. అవి వండిన గిన్నెను కూడా విడిగా తోమించేది. ఒక చలికాలం పొద్దున పక్కింటామె గోడ మీదుగా, "నువ్వే తినకపోతివి పెద్దమ్మా, మమ్ములనెట్ల తినమంటడు నీ కొడుకు?" అన్నది. ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఆ పూట పుట్టగొడుగుల కూర కంచంలో పెట్టించుకుని తిన్నది. అప్పట్నుంచి కొడుకు మాటే ఆమె మాట. కల్లాల దగ్గర కూర్చుని, "మా వోడు సదువుకున్నోడు. మా అమ్మలకేం ఎరుక? గడ్డి మీదియే మంచియంట" అని అందరికీ చెప్పేది. ఆమె చెప్పాక ఊళ్ళో ఆడవాళ్ళు కొనడం మొదలుపెట్టారు. అంత తొందరగా మారిన మనిషి నటిస్తున్నదేమోనని నేను ఆమె కంచం వైపు ఓరకంట చూసేదాన్ని. నటన కాదు. కొడుకును నమ్మాలని గట్టిగా అనుకుంది, నమ్మింది.

ఆ వచ్చిన వానాకాలం మేమిద్దరం గంపలు తీసుకుని సూర్యాపేట వెళ్ళాం. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేసరికి ఆమె వసారాలో పడి ఉంది. వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా చల్లటి చెమట. నేను వంటింట్లోకి పరిగెత్తి గిన్నె మూత తీశాను. పుట్టగొడుగుల కూర. మా గదిలోవే ఆమెను పొట్టన పెట్టుకున్నాయనుకున్నాను. మా ఆయన గిన్నెలోకి వంగి ఒక ముక్క తీసి చూశాడు. సన్నటి పొడుగాటి కాడ, పైన గొడుగు. మావి అలా ఉండవు.

"ఎక్కడియమ్మా ఇవి?"

ఆమె పెరటి వైపు చెయ్యి చూపించింది. అక్కడ వానకు తడిసి మాగుతున్న మా గడ్డివాము ఉంది.

"గదిలయ్ అమ్ముకునేటియి గద, ఎందుకు ముట్టాలె అనుకున్న. వాము మీద మస్తు మొలిచినయ్. గవే వండుకున్న."

పక్కింటివాళ్ళ ట్రాక్టరు మీద మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్ళో ఉంది. డాక్టరుకు మా ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతవరకూ నిజాయితీగానే ఉన్నాడు. సెలైన్లు ఎక్కించారు. బతుకుతుందో లేదో తెలియకుండా కొన్నాళ్ళు గడిచాయి. కాస్త తేరుకున్నాక, కొడుకు టీ కోసం బయటికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని అన్నది.

"నా ఎరుకల నేను గవి ముట్టేదాన్ని గాదు పిల్లా. వాని మాట వట్టి తిన్న."

 ఈ మాట ఆయనకు చెప్పాలా వద్దా అని అప్పుడే మథనపడ్డాను.

ఊరివాళ్ళు చూడ్డానికి వచ్చారు. చేతుల్లో పండ్లు, కళ్ళలో ప్రశ్న. అందరి చూపూ ఒకసారి ఆమె మీదికి, ఒకసారి మా ఆయన మీదికి పోయేది. "ఏం తిన్నవ్ పెద్దమ్మా?" అని పక్కింటామె గుచ్చి గుచ్చి అడిగింది.

"కాల్వ చేపల కూర. నిన్నటిది. ఖరాబైంది, సూస్కోలే," అన్నది అత్తమ్మ తడుముకోకుండా.

నేను మా ఆయన ముఖం చూశాను. అందులో తేలిక కనిపించింది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. బయట వరండాలో పట్టుకుని నిలదీశాను.

"ఈ అబద్ధం మీకు బాగానే ఉంది కదండీ?"

"అమ్మ చెప్పింది. నేను చెప్పమన్ననా?"

"రేపు ఇంకెవరైనా వాళ్ళ వాము మీదివి కోసుకు తింటే?"

"ఎవరు తింటరు? చెప్తే ఇగ నా సరుకు ఎవ్వడు ముట్టడు. మళ్ల మిల్లుల గేట్ల కాడ నిలబడాల్నా, నువ్వే చెప్పు."

 నాకూ ఆ గేట్లంటే భయమే.

ఇంటికి తీసుకొచ్చాం. ఆమెకు గంజి తప్ప ఏదీ ఇమడటం లేదు. వసారాలో మంచం మీద పడుకోబెట్టాం. ఒక పొద్దున పక్కింటామె కొంగులో ఏదో పోసుకుని నవ్వుతూ వచ్చింది. మా ఆయన అక్కడే గంపలు కడుగుతున్నాడు.

"పెద్దమ్మా, మా వాము మీద గూడ మొలిచినయ్. అన్న అమ్మేటియి ఇవే గద. ఎట్ల వండాలె ఒదినె?"

సన్నటి కాడలు, తెల్లటి గొడుగులు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చేతిలోని గంపను మళ్ళీ నీళ్ళలో ముంచాడు. ఇక నేనే చెప్పేద్దామని అడుగు ముందుకు వేసేలోపు అత్తమ్మ మోచేతి మీద లేచింది.

"పారెయ్యి. నేను తిన్నయి గవే. చేపలు గాదు."

పక్కింటామె చేతిలోంచి కొంగు జారిపోయింది. నేల మీద పడ్డవాటి వైపు ఆమె చూడలేదు, మా ఆయన వైపు చూసింది.

"గడ్డి మీదియే మంచియంటివి గదన్నా."

"నా గదిలయ్ వేరు," అన్నాడాయన తల వంచుకుని. "గా మాట గూడ చెప్పాల్సి ఉండె. చెప్పలే."

ఊరికి తెలియడానికి ఎంతసేపు? అందరూ మా గోడ దగ్గర చేరారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. గుసగుసలాడుకుంటూ వెనక గది తలుపు వైపు చూస్తున్నారు. మా పని అయిపోయిందని నాకు అర్థమైంది.

"పిల్లా, గదిలయ్ తెంపి వండు," అన్నది అత్తమ్మ.

"గంజే నిలవట్లేదు అత్తమ్మా, ఇప్పుడెందుకు?"

"వండు."

వండి తెచ్చాను. మంచం వాకిట్లోకి వేయించుకుని, అందరి ఎదుటా కంచం ఒళ్ళో పెట్టుకుంది. "వాము మీదయి విషం, ముట్టకుర్రి. మా వోని గదిలయ్ వేరు. సూడుర్రి, నేను తింటున్న," అన్నది. ప్రతి ముక్కనూ అటూ ఇటూ తిప్పి చూసుకుని నోట్లో వేసుకుంది.  నేను నీళ్ళ చెంబుతో పక్కనే కూర్చున్నాను. నమ్మకంతో తింటున్నదని గోడ అవతలివాళ్ళు అనుకుని ఉంటారు. ఆమె భయపడుతూ తింటున్నదని నాకు తెలుసు. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ముఖం చూస్తే, ఆయనకూ అది తెలిసిపోయిందనీ, దవాఖానలో ఆమె అన్న మాట ఇక నేను చెప్పాల్సిన పని లేదనీ అనిపించింది.

"చాలమ్మా," అన్నాడు.

ఆమె వినలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నది.