వెండి గనిలో పిలిచిన పేరు

మా ఆయన పోయిన ఏడాదికి, శంషాబాద్‌లో మా వీధి ఆడవాళ్లతో కలిసి ఉత్తరాది యాత్రకు వెళ్లాను. దారిలో మ్యూజియంగా మార్చిన ఒక పాత వెండి గని చూపించారు. తరతరాల మనుషులు నూనె దీపాల వెలుగులో అక్కడ రాయి తొలిచారట. వెండి అయిపోయాక ఊరు ఊరంతా వలసపోతే, గని చాలాకాలం నీళ్లు నిండి పాడుబడిందట.

దీపాలు పెట్టుకున్న గూళ్లలో మసి ఇంకా ఉంది. అది చూస్తూ వెనకబడ్డాను. ఇంతలో కరెంటు పోయింది. కళ్లు మూసినా తెరిచినా ఒకటే చీకటి.

"ఓ మల్లేశం! యాడున్నవయ్యా?" అని అరిచాను. అది మా ఆయన పేరు. ఆయన బతికుండగా ఏనాడూ నా నోట పలకలేదు. సొరంగమంతా ఆ పేరే మారుమోగింది.

దీపాలు వెలిగేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. సిగ్గుతో తల వంచుకున్నాను. చాలా ఏళ్ల కిందటే భర్తను పోగొట్టుకున్న మా పక్కింటి యాదమ్మ వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సిగ్గెందుకక్కా? ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు నేను గూడ గట్లనే పిలుస్త," అంది.

ఇన్నేళ్లూ గోడకు అటొకరం ఇటొకరం ఉన్నాం. అంత దూరం పోయి, ఆ చీకట్లో అరిస్తే గానీ, ఆమె కూడా నాలాగే ఉందని నాకు తెలియలేదు.